పాట కట్టడం నేర్పే ప్రొఫెసర్ గారి క్లాసు: చేరొచ్చా, వద్దా?

తిరుపతిలో పాడటం నేర్పేవాళ్లకు కొదవ లేదు. ఏ కాలనీలోకి వెళ్లినా ఏదో ఒక గేటుకి ‘కర్ణాటక సంగీతం, అన్నమయ్య కీర్తనలు, కీబోర్డు’ అని చిన్న ఫ్లెక్సీ వేలాడుతూనే ఉంటుంది. కానీ ఉన్న పాట పాడటం కాకుండా లేని పాటను కట్టడం, అంటే రాగం ఎంచుకుని, మాట రాసుకుని, తాళంలో కూర్చోబెట్టి, సంగతులు (ఒకే లైనును రకరకాలుగా తిప్పి పాడే మలుపులు), చిట్టస్వరం (పాటలో ముందే కూర్చిపెట్టే స్వరాల వరస) వేసి, ఇంకొకరు చూసి పాడుకునేలా కాగితం మీద పెట్టడం నేర్పే క్లాసు నాకు తెలిసి ఊళ్లో ఇదొక్కటే. బైరాగిపట్టెడ వైపు ఒక మేడ మీద గదిలో, యూనివర్సిటీ సంగీత విభాగంలో ప్రొఫెసర్‌గా చేసి రిటైరైన సార్ ఒకాయన శని, ఆదివారాలు పొద్దున పెడతారు. ముందే చెప్పేస్తున్నా, నా లెక్కలో ఐదుకు నాలుగు స్టార్లు. పోయిన ఆ ఒక్కటీ ఎందుకు పోయిందో కింద రాస్తాను. సార్ పేరు రాద్దామంటే వద్దన్నారు. “పేరు పెడితే ఫోన్లు వస్తాయి నాయనా, ఉన్నవాళ్లకే చాపలు చాలట్లేదు” అన్నారు. కాబట్టి పేరూ నంబరూ అడక్కండి, ఊళ్లో సంగీతం వాళ్లని ఎవరిని కదిపినా దారి చెప్తారు.

ఫీజు నెలకు రెండు వేలు. అడ్వాన్సులు, అడ్మిషన్ ఫీజు, యూనిఫాం లాంటి గోల ఏమీ లేదు. వర్ణాలు (కృతుల కంటే ముందు నేర్చుకునే అభ్యాస రచనలు) కనీసం నాలుగైదు శుభ్రంగా పాడటమో వాయించటమో వచ్చి ఉండాలి, తాళం తప్పకూడదు, అంతే అర్హత. మొదటి రోజు ఒక వర్ణం పాడించుకుంటారు, బాగా పాడామా లేదా అన్నది ఆయనకు అక్కర్లేదు, మధ్యలో ఆపి “ఇక్కడ గాంధారం మీద ఎందుకు నిలబడ్డాడు కట్టినాయన?” అని అడుగుతారు. సమాధానం తెలియకపోయినా పర్లేదు, ఆ ప్రశ్న మనకు నచ్చిందా లేదా అని మొహం చూస్తారనిపించింది నాకు.

ఈయన సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే క్లాసులో సగం ఆయన సర్వీసు కథే. చిత్తూరు పక్క పల్లెటూరు, తిరుపతిలోనే సంగీతం డిప్లొమా, తర్వాత ఎమ్మే, పీహెచ్‌డీ, ఆకాశవాణి గ్రేడు, లెక్చరర్ ఉద్యోగం, అక్కణ్ణుంచి మెల్లగా ప్రొఫెసర్. బయట నుంచి చూస్తే ఇంతే. లోపల చూస్తే పొద్దున ఫస్టియర్ పిల్లలకు మాయామాళవగౌళ, మధ్యాహ్నం జవాబు పత్రాలు దిద్దడం, సాయంత్రం ఏదో ఒక కమిటీ మీటింగు, ఇంట్లో అందరూ పడుకున్నాక పాట. వర్ణాలు, కృతులు, తిల్లానాలు (కచేరీ చివర్లో పాడే హుషారు రచనలు) కలిపి పెద్ద ట్రంకు పెట్టెడు ఉన్నాయి, అన్నీ చేతిరాతే. ప్రమోషన్ ఫైల్లో పరిశోధన వ్యాసాలకు ఒక గడి ఉందట, కచేరీలకు కూడా ఎక్కడో ఒక గడి దొరికిందట, కట్టిన కృతులకు మాత్రం గడి దొరక్క చివరికి ‘ఇతరములు’ కింద రాశారట. చెప్పి ఆయన నవ్వుతారు గానీ మనకు నవ్వు రాదు. కచేరీలో ఎవరైనా ఈయన తిల్లానా పాడితే ముందు వరుసలో కూర్చున్నవాళ్లు “బాగుందండీ, లాల్గుడి వారిదా?” అని అడుగుతారట. లాల్గుడి జయరామన్ గారు తిల్లానాలకు పేరుపడ్డ వయొలిన్ విద్వాంసుడు కాబట్టి అది మాత్రం పొగడ్తగానే తీసుకున్నానంటారు.

కర్ణాటక సంగీతంలో కొత్తగా కట్టేవాడి బతుకు ఇదే మరి. పాత పెద్దల కృతులే ఒక జీవితానికి సరిపోయేంత ఉన్నాయి, కచేరీ చేసేవాడికి కొత్తది నేర్చుకునే ఓపిక తక్కువ, వినేవాడికి ఇంకా తక్కువ. రాయల్టీలని బతికేది లేదు. అందుకే పాట కట్టేవాళ్లు చాలామంది ఎక్కడో ఒక చోట పంతులుగా ఉండి కట్టారు. బాలమురళీకృష్ణ గారు విజయవాడ సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా చేసినవారే, 72 మేళకర్తలన్నిటిలో, అంటే జనక రాగాలన్నిటిలో, కృతులు చేసినవారూ ఆయనే. సార్ మాత్రం ఎక్కువగా తలుచుకునేది రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారిని. 1893లో పుట్టిన ఈ అనంతపురం జిల్లా ఆయన మైసూరు మహారాజా కాలేజీలో దాదాపు నాలుగు దశాబ్దాలు తెలుగు పాఠం చెప్పారు, సంగీతం కాదు, తెలుగు. మైసూరు విద్వాంసుడు బిడారం కృష్ణప్ప గారి దగ్గర సంగీతం నేర్చుకున్నారు. వేమన మీద ఉపన్యాసాలు, ప్రాకృత కావ్యం గాథాసప్తశతికి తెలుగు అనువాదం, ఇవన్నీ ఒక చేత్తో. రిటైరయ్యాక తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థకు వచ్చి అన్నమయ్య రాగిరేకుల ముందు కూర్చున్నారు. 1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. “ఉద్యోగమంతా ఒక ఎత్తు, రిటైరయ్యాక చేసింది ఒక ఎత్తు” అని సార్ ఆయన్ని గురించి అంటుంటే, తన గురించి కూడా ఏదో ఆశ పెట్టుకున్నట్టే వినిపిస్తుంది.

ఆ రాగిరేకుల దగ్గరే క్లాసు అసలు మొదలవుతుంది. ఇది తెలియనివాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి వివరంగా రాస్తున్నా. తిరుమల గుడిలోని సంకీర్తన భాండాగారంలో దొరికిన రేకుల మీద పాట ఉంటుంది, పైన రాగం పేరు ఉంటుంది. స్వరం ఉండదు. తాళం పేరు కూడా మామూలుగా ఉండదు. పైగా కొన్ని రాగాలు, కొండమలహరి, అమరసింధు లాంటివి, ఇవాళ ఎలా పాడాలో చెప్పేవాళ్లు లేరు. అంటే మనం వింటున్న అన్నమయ్య వరసలు చాలావరకు 20వ శతాబ్దంలో కట్టినవే. ‘నానాటి బతుకు’ రేవతిలో వినని తెలుగువాడు ఉండడు, ఆ వరస అన్నమయ్యదే అనుకునేవాళ్లే ఎక్కువ, కట్టింది నేదునూరి కృష్ణమూర్తి గారు, ఆయన కూడా సంగీత కళాశాలల్లో ప్రిన్సిపాల్‌గా పనిచేసినవారే. మొన్న 2025 మార్చిలో పోయిన గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు ఇదే ఊళ్లో ఉండి వందల కీర్తనలకు వరసలు కట్టారు. మా బ్యాచ్‌లో వైద్యం చదివే అమ్మాయి ఒకతె ఈ మాట విని మొదట ఒప్పుకోలేదు, ఇంటికెళ్లి వాళ్ల నాయనమ్మను అడిగి వచ్చింది. నాయనమ్మ ఇంకా ఒప్పుకోలేదట.

మొదటి ఎక్సర్‌సైజు అదే. ఎవరూ పెద్దగా పాడని ఒక సంకీర్తన పాఠం జెరాక్స్ ఇస్తారు, రాగం పేరు కొట్టేసి ఉంటుంది. ఒకరు ఆదితాళంలో (ఎనిమిది అక్షరాలది), ఒకరు ఖండచాపులో (ఐదు అక్షరాలది) కట్టుకు రావాలి. వచ్చే వారం ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి పాడిస్తారు. మాట అదే అయినా ఖండచాపులో కట్టినది నిలదీసినట్టు వినిపించింది, ఆదితాళంలోది బతిమాలినట్టు వినిపించింది. ఏది కరెక్టు అని అడిగితే చెప్పరు. “చరణం చదువుకో, అక్కడ ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు?” అంటారు. అప్పుడు గానీ మేము చరణం చదవలేదన్న సంగతి అందరికీ అర్థం కాలేదు.

రెండోది మహతి. బాలమురళి గారు తెచ్చిన ఈ రాగంలో నాలుగే స్వరాలు: స గ ప ని. గ అంటే అంతర గాంధారం, ని అంటే కైశికి నిషాదం. నాలుగు స్వరాలతో పల్లవి, అనుపల్లవి కట్టుకు రమ్మంటే మొదట అందరికీ తేలికనిపించింది, రెండు లైన్లయ్యాక ఎటు పోవాలో తెలియక అదే మెట్టు ఎక్కి దిగడమే అయింది. చర్చిలో కీబోర్డు వాయించే కుర్రాడు ఒకడున్నాడు, వాడు ఒక్కసారిగా “సార్, ఇది సి సెవెన్ కార్డు గదా!” అన్నాడు. నిజమే, నాలుగూ కలిపి నొక్కితే అదే. సార్ ముచ్చటపడిపోయి ఆ పూటంతా వాడి కీబోర్డు చుట్టూ నడిపారు: పాశ్చాత్య సంగీతం వాళ్లు నాలుగింటినీ ఒకేసారి మోగిస్తే ఇంకో చోటికి పోవాలనే తొందర పుడుతుంది, మనం వాటినే ఒకదాని తర్వాత ఒకటి పాడుకుంటూ అక్కడే కాపురం ఉంటాం, మరి ఆ తొందర ఏమైంది, ఎక్కడ దాచావు, అని. సిలబస్‌లో లేని ఇలాంటి పూటలే ఈ క్లాసు ఫీజుకి న్యాయం చేసేవి.

ఇక నాకు బాగా గుర్తుండిపోయింది బ్యాంకులో పనిచేసే ఒక మేడం పల్లవి దిద్దిన రోజు. ఆవిడ కాంభోజిలో, ఆదితాళం రెండు కళలలో (ప్రతి దెబ్బ రెండింతల నిడివితో) రాసుకొచ్చిన లైను ‘ఏడుకొండలు మెట్లెక్కి వచ్చితి’. చదువుకుంటే బాగుంది. పాడితే సరిగ్గా ద్రుతం దగ్గర, అంటే తాళం రెండో సగం మొదలయ్యే చోట, సంగతులు విచ్చుకోవాల్సిన చోట ‘మెట్లె’ వచ్చి పడింది. సార్ ఆమెతో ఆ ఒక్క అక్షరం మీద సాగదీసి పాడించారు. ‘ట్లె’ దగ్గర నాలుక అడ్డం పడుతుంది, తర్వాత ‘క్కి’ దగ్గర గొంతు మళ్లీ ఆగుతుంది, స్వరాన్ని ఊపి గమకం వేయడానికి జాగా లేదు. “దాటి అని పెట్టి చూడమ్మా, దా మీద ఎంతసేపైనా ఉండొచ్చు” అన్నారు. ‘ఏడుకొండలు దాటి వచ్చితి’. పాటకు సుఖంగా ఉంది. కానీ మేడం ఊరుకోలేదు: “కొండలు దాటితే రాజంపేటలో తేలతాం సార్, స్వామి ఇక్కడే ఉండిపోతాడు”. గదంతా ఘొల్లున నవ్వింది. సార్ కూడా నవ్వి, పెన్సిలు తీసుకుని, కాసేపు తొడ మీద తాళం వేసుకుని, ‘ఏడుకొండలు నీకై ఎక్కితి’ అని రాశారు. ద్రుతం మీద ఇప్పుడు ‘నీకై’ కూర్చుంది, నోరు తెరుచుకునే అక్షరం, ఎన్ని సంగతులైనా పడతాయి. ‘ఎక్కితి’ చివరికి పోయింది, అక్కడ ఎలాగూ ఆగాలి కాబట్టి ద్విత్వం దగ్గర గొంతు ఆగినా ఇబ్బంది లేదు. మాట పోలేదు, చోటు మారింది. దీనికి ముప్పావు గంట పట్టింది. ఒక్క లైనుకి ముప్పావు గంట అంటే విసుగనిపించేవాళ్లు ఈ క్లాసుకు రావద్దు, సీరియస్‌గా చెప్తున్నా.

అన్నట్టు ఒక శనివారం ఆయన పాశ్చాత్య సంగీతం పెట్టారు. ఒలివియే మెస్సియాన్ అని ఫ్రెంచాయన. పారిస్ సంగీత కళాశాలలో 1941 నుంచి 1978 దాకా పాఠాలు చెప్పారు, బూలెజ్, స్టాక్‌హౌజెన్, క్జెనాకిస్ లాంటి హేమాహేమీ స్వరకర్తలు ఆయన శిష్యులు. 1931 నుంచి 1992లో పోయేదాకా ఒకే చర్చిలో ఆర్గన్ వాయించారు, అంటే ఆస్థాన విద్వాంసుడు అన్నమాట. మనకు ఆసక్తి ఎక్కడంటే, శారంగదేవుడి పాత సంస్కృత సంగీత గ్రంథం సంగీత రత్నాకరంలోని 120 దేశి తాళాల పట్టిక ఆయనకు ఒక ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వంలో దొరికింది. మన సంగీతం గురుముఖంగా నేర్చుకున్నది లేదు, వాయించేవాణ్ణి చూసి నేర్చుకున్నదీ కాదు, ఆ పట్టికను పట్టుకుని జీవితాంతం వాడుకున్నారు. జర్మన్ల యుద్ధఖైదీల శిబిరంలో ఉన్నప్పుడు కట్టి 1941 జనవరిలో అక్కడే తోటి ఖైదీలతో కలిసి వాయించిన కృతిలో కూడా పియానో భాగానికి రాగవర్ధన, చంద్రకళ, లక్ష్మీశ తాళాలు వాడారు. సార్ వినిపించారు. నిజం చెప్పాలంటే మాలో సగం మందికి తలా తోకా తెలియలేదు, బ్యాంకు మేడం అయితే ఫోన్ చూసుకుంటూ కూర్చున్నారు. కానీ మనం పరీక్ష కోసం పేర్లు బట్టీ పట్టి వదిలేసిన తాళాలను ఎక్కడో చలిలో ఖైదీగా కూర్చున్న ఒక పంతులు వాడుకున్నాడంటే కొంచెం సిగ్గేసింది, కొంచెం గర్వంగానూ ఉంది. ఆ రత్నాకరానికి వ్యాఖ్యానం రాసిన సింహభూపాలుడు మన రాచకొండ ప్రభువేనని చెప్పినప్పుడు గర్వం ఇంకాస్త పెరిగిందనుకోండి.

సరే, పొగడ్తలు చాలు, ఇబ్బందులు చెప్తా.

టైము. తొమ్మిదన్నర అంటే పదింపావు. సార్ రెడీగానే ఉంటారు, కానీ పాత శిష్యులు ఎవరో ఒకరు అప్పుడే దర్శనం ముగించుకుని కొండ దిగి ప్రసాదం పట్టుకుని వస్తారు, వాళ్లతో మాటలు. లడ్డూ అందరికీ పంచుతారు కాబట్టి గట్టిగా అడగలేం. అయినా స్విమ్స్ ఆసుపత్రిలో డ్యూటీకి పోవాల్సిన ఆ మెడిసిన్ అమ్మాయికి సగం క్లాసు పోతోంది, ఇది తప్పే.

బ్యాచ్ కలగాపులగం. డిప్లొమా చేసినవాళ్లు, అన్నమయ్య కీర్తనలే ఎక్కువగా పాడే గృహిణులు, సినిమా ట్యూన్లు చేయాలని వచ్చిన కుర్రాళ్లు అందరూ ఒకే గదిలో. సార్ అందరికీ ఒకే లెక్కన చెప్పుకుంటూ పోతారు. న్యాస స్వరం, అంశ స్వరం, అతీతం, అనాగతం అంటూ మాటలు దొర్లిపోతుంటే కుర్రాళ్లు గోడకేసి చూస్తుంటారు. ముప్పై ఏళ్లు ఎమ్మే క్లాసుకు చెప్పిన అలవాటు పోలేదు, ఎదురుగా ఉన్నది ఎమ్మే వాళ్లు కాదన్న సంగతి అప్పుడప్పుడు మర్చిపోతారు.

కాగితం పిచ్చి ఒకటి. స్వరలిపి చేత్తోనే రాయాలి, లాంగ్ నోట్‌బుక్‌లో, ఒక పేజీ వదిలి ఒక పేజీ. కంప్యూటర్లో టైపు చేసుకొస్తే తీసుకోరు. కారణం అడిగితే “కొట్టివేతలు కనపడవు” అన్నారు. ఒప్పుకుంటా, కొట్టివేతలు చూసే ఆయన సగం పాఠం చెప్తారు. కానీ ఆయన ట్రంకు పెట్టెలోని కృతులు కూడా చేతిరాతలోనే పసుపెక్కి పోతున్నాయి, వాటినైనా ఎవరో ఒకరు ఎక్కించకపోతే రేపు రాగిరేకులకున్న గ్యారంటీ కూడా వాటికి లేదు. ఇది మా బ్యాచ్‌లో అందరి బాధ, ఆయన బాధ మాత్రం కాదు.

ఆన్‌లైన్ బ్యాచ్ గురించి బెంగళూరు, అమెరికా వాళ్లు అడుగుతున్నారు. అది వేస్టు, దానికి రెండు స్టార్లు కూడా ఎక్కువ. ఆయన చెప్పే తీరు అంతా పక్కన కూర్చుని తొడ మీద తాళం వేస్తూ చెప్పేది. వీడియో కాల్లో గొంతు అర సెకను ఆలస్యంగా వస్తే ఇద్దరూ కలిసి తాళం వేయడం కుదరదు, ఆయన ఆగుతారు, అవతలివాళ్లు ఆగుతారు, ఇద్దరూ ఒకేసారి మొదలెడతారు. డబ్బు దండగ. వచ్చే వీలుంటే సెలవులకు వచ్చి నెల రోజులు కూర్చోండి, అంతకంటే మార్గం లేదు.

మిగతావి చిన్నవి. మేడ మీద రేకుల షెడ్డు కాబట్టి మేలో భరించలేం. బండి వీధి చివర పెట్టుకోవాలి. బ్రహ్మోత్సవాలప్పుడు సెలవు, వాహన సేవలో పాడే శిష్యులు ఉంటారు కాబట్టి సార్ కొండ మీదే ఉంటారు.

ఎవరు చేరొచ్చు? పాడటం ఒక స్థాయి దాకా వచ్చి, కచేరీలు చేసే ఉద్దేశం లేక, ఇక ముందుకెళ్లడం ఎలాగో తెలియని నాలాంటి వాళ్లకు ఇది సరిగ్గా సరిపోతుంది. సంగీతం టీచర్లకు ఇంకా మేలు, ఎందుకంటే కృతి ఎలా కట్టారో తెలిశాక దాన్ని నేర్పే పద్ధతే మారిపోతుంది, మా బ్యాచ్‌లో ఇద్దరు టీచర్లు అదే అన్నారు. తిరుమలలోని నాదనీరాజనం వేదిక మీద సొంత కృతి పాడాలనో, ఆరు నెలల్లో మ్యూజిక్ డైరెక్టర్ అవ్వాలనో వస్తే మాత్రం నిరాశే. సర్టిఫికెట్ ఇవ్వరు. ఆడిషన్ సిఫార్సులు అసలే చేయరు, అడిగినవాళ్లను నేను చూశాను, మంచినీళ్లిచ్చి పంపించారు.

పిల్లల్ని చేర్చాలని కొందరు తల్లిదండ్రులు అడుగుతున్నారు, పదహారు దాటకపోతే తీసుకోరు. ముందు గీతాలు, వర్ణాలు ఎక్కడైనా నేర్పించుకుని రమ్మంటారు. కొత్త బ్యాచ్ సంక్రాంతి తర్వాత మొదలవుతుందట. మొదటి రోజు ఫీజు కట్టక్కర్లేదు, ఒక క్లాసు కూర్చుని చూసి నచ్చితేనే చేరండి. నోట్‌బుక్ లాంగ్ సైజుదే తీసుకెళ్లండి, చిన్నది తీసుకెళ్తే వీధి చివర కొట్టుకు వెనక్కి పంపిస్తారు.